అక్టోబరు చివర్లో తెరచాప ఎత్తొచ్చా?

మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉండే మనవాళ్ళు వేసవిలో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారు. ఇప్పుడు చలీ గాలీ ఒకేసారి మొదలయ్యేసరికి ఆపేయాలా, కొనసాగించాలా అని అడుగుతున్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి అన్నీ దీని మీదే తీసుకున్నాం.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం కలిసి షికాగోలో 24 అడుగుల కీల్ పడవ (అడుగున బరువైన రెక్క ఉండేది) ఒకటి కొన్నాం. హార్బర్‌లో చోటు అక్టోబరు 31 వరకు ఉంది. సెప్టెంబరు దాకా హాయిగా తిరిగాం. ఇప్పుడు వారాంతం వస్తే చాలు, 15 నుంచి 20 నాట్ల గాలి (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), 8 డిగ్రీల చలి. ఇద్దరేమో అసలు మజా ఇప్పుడే అంటున్నారు, మిగతా ఇద్దరం సీజన్ అయిపోయిందంటున్నాం. ఇంట్లోవాళ్ళు మా వైపే. మీరేమంటారు?
(నేపర్‌విల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సీజన్ అయిపోలేదండీ. నన్నడిగితే ఏడాది మొత్తంలో మంచి గాలి దొరికేది ఇప్పుడే. జులై మధ్యాహ్నాల్లో ఎండకు ఉడికిపోతూ గాలి ఎప్పుడొస్తుందా అని కూర్చున్నవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. హార్బర్ దాటగానే పడవ పరుగందుకుంటుంది, చుట్టూ రద్దీ ఉండదు, ఆకాశం శుభ్రంగా ఉంటుంది.

కాకపోతే మీ నలుగురూ వాదించుకుంటున్నది గాలి వేగం గురించి, గాలిలో చలి గురించి. వెళ్ళాలా వద్దా అన్నది తేల్చాల్సింది నీళ్ళ వేడిని బట్టి. షికాగో ఒడ్డున ఆగస్టులో నీళ్ళు 22, 23 డిగ్రీల దాకా ఉంటాయి, పొరపాటున పడినా నవ్వుకుంటూ పైకెక్కొచ్చు. అక్టోబరు చివరికి సుమారు 12, 13కి దిగుతాయి, నవంబరులో ఇంకా కిందికి పోతాయి. 15 డిగ్రీల కంటే చల్లని నీళ్ళలో హఠాత్తుగా పడితే మనిషిని ముందు దెబ్బతీసేది ఊపిరి. ఒక్కసారిగా గుక్క లోపలికి లాగేస్తుంది, అది మన చేతుల్లో ఉండదు, ఆ క్షణాన ముఖం నీళ్ళ కింద ఉంటే లోపలికి వెళ్ళేది నీళ్ళే. మంచి ఈతగాళ్ళు కూడా ఒడ్డు కనబడుతుండగా మునిగిపోయేది అందుకే.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చల్లటి నీళ్ళలో శరీరం ఏమవుతుందో ఏళ్ళ తరబడి పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1, 10, 1 అని గుర్తుపెట్టుకోమంటారు. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ వేళ్ళూ మన మాట వినేది పది నిమిషాలు, ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉన్న మనిషికి గంట టైముంది. లేనివాడికి మొదటి నిమిషమే గండం, దాన్ని దాటినా పది నిమిషాల తర్వాత చేతులు ఆడవు. మీ పడవలో లైఫ్ జాకెట్లు సీటు కింది పెట్టెలో ఉంటే అవి లేనట్టే. రేవులో తాడు విప్పకముందే తొడుక్కోవాలి, నలుగురూ, ఏ మినహాయింపూ లేకుండా.

ఇంకో సంగతి, పడినవాణ్ణి పైకి తీసేదెవరు? హార్బర్‌లో కట్టేసి ఉన్నప్పుడే దీన్ని సాధన చేయండి. మీలో బరువైనవాళ్ళు ఒకరు రేవు మీద పడుకోవాలి, మిగతావాళ్ళు పెద్ద తెరచాపను పైకి లాగే మెయిన్ హాల్యార్డ్ తాడును వాళ్ళ హార్నెస్‌కి, అంటే ఒంటికి కట్టుకున్న పట్టీలకి తగిలించి, విన్చ్ (తాడు లాగే చక్రం) తిప్పి లేపి చూడాలి. తడిబట్టలతో, చేతులు పనిచేయని మనిషిని ఇద్దరు పట్టి లాగితే పడవలోకి రాడు, విన్చ్ ఉంటే వస్తాడు. నిచ్చెన వెనక మడిచి తాడుతో కట్టేసి ఉంటే నీళ్ళలో ఉన్నవాళ్ళు దాన్ని విప్పలేరు. కింద నుంచి లాగితే ఊడి పడేలా ఒక చిన్న తాడు వేలాడదీయండి.

ఇక ఏ రోజు వెళ్ళొచ్చు అన్నది. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ (నోవా అనే సముద్ర, వాతావరణ విభాగంలోది) ఒడ్డు దగ్గరి నీళ్ళకు వేరే సూచన ఇస్తుంది, ఫోనులో ఊరి వాతావరణం చూసి బయల్దేరకండి. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ ఉంటే, అంటే గాలి గానీ తరచూ వచ్చే విసురు గానీ 22 నాట్లు దాటుతుందన్నా, అలలు 4 అడుగులు దాటతాయన్నా, ఆ రోజు మానేయండి. మీరు మొదటి ఏడాదివాళ్ళు కాబట్టి ఈ నీళ్ళలో 18 నాట్లనే మీ హద్దుగా పెట్టుకోమంటాను.

వేగంతో పాటు దిక్కు కూడా చూడండి. మిషిగన్ సరస్సు ఉత్తరం నుంచి దక్షిణానికి 300 మైళ్ళ పైచిలుకు పొడవు. ఉత్తరపు గాలి వీస్తే ఆ పొడవంతా పరిగెత్తుకుంటూ వచ్చిన అలలు షికాగో ముందు చేరతాయి. ఒడ్డున కాంక్రీటు గోడకు కొట్టుకుని వెనక్కి మళ్ళి, ఎదురొచ్చే అలలతో కలిసి నీళ్ళను ఏ లెక్కా లేకుండా ఎగరేస్తాయి. పడమటి గాలి దీనికి పూర్తి విరుద్ధం. హార్బర్ బయట నీళ్ళు చదునుగా ఉంటాయి, ఎత్తైన భవనాల చాటున గాలి కూడా తక్కువనిపిస్తుంది, ధైర్యం వచ్చేస్తుంది. మైలు దూరం వెళ్ళాక అసలు గాలి తగులుతుంది, అప్పుడు తిరిగి రావాలంటే మొత్తం ఎదురుగాలే. నాకు ఉత్తరపు గాలి కంటే పడమటి గాలి రోజే ఎక్కువ భయం, ఎందుకంటే అది ముందు మంచిగా కనబడుతుంది.

చివరగా చీకటి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక షికాగోలో సాయంత్రం నాలుగు ముప్పావుకే పొద్దు గుంకుతుంది. మీకు అక్టోబరు చివరి వారాలే ఉన్నాయి కాబట్టి ఉదయం పదికి బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగొచ్చేలా పెట్టుకోండి. హార్బర్ కనుచూపు మేరలోనే తిరగండి. ఇంట్లోవాళ్ళకు ఈ జవాబు చదివి వినిపించండి, వాళ్ళకేం అభ్యంతరం ఉందో అప్పుడు అడగండి. నలుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆ రోజుకు వద్దనే లెక్క, కారణం చెప్పమని ఒత్తిడి చేయకూడదు.

ప్రశ్న: నేను హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ నడుపుతాను. వర్షాకాలంలో 15 నాట్ల గాలి మాకు అలవాటే. కిందటేడు మా అమ్మాయి దగ్గరికి షికాగో వెళ్ళినప్పుడు స్నేహితుల పడవలో అదే 15 నాట్లలో తిరిగాను, ఇక్కడి 20 కంటే గట్టిగా అనిపించింది. చల్లటి గాలి బరువుగా ఉంటుందని వాళ్ళన్నారు. నిజమేనా?
(సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నిజమే, కానీ అందరూ అనుకునేంత కాదు. 28 డిగ్రీల వేడిలో, సముద్రమట్టానికి 500 మీటర్ల పైనున్న హైదరాబాద్‌లో గాలి పలచగా ఉంటుంది. 7 డిగ్రీల చలిలో, 176 మీటర్ల ఎత్తునున్న మిషిగన్ సరస్సు మీద అది సుమారు 12 శాతం చిక్కగా ఉంటుంది. తెరచాప మీద పడే బలం గాలి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, ఆ 12 శాతం అంటే వేగంలో ఒక్క నాటు తేడా. అక్కడి 15 మీకు ఇక్కడి 16లా అనిపించాలి, అంతే.

మరి 20లా ఎందుకనిపించిందంటే, విసురు వల్ల. శరదృతువులో సరస్సు నీళ్ళు ఇంకా వేసవి వేడిని దాచుకుని ఉంటాయి, వాటి మీదికి ఉత్తరం నుంచి చల్లటి గాలి వస్తుంది. కింద వేడి, పైన చలి. నీళ్ళకు ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పైన వేగంగా పోతున్న గాలి దాని చోటుకి కిందికి దూకుతుంది. అందుకే సగటు 15 అని చెప్పిన రోజు 12కి, 21కి మధ్య ఊగుతుంది. 12 నుంచి 17కి పెరిగితేనే బలం రెట్టింపు, 21 అంటే మూడింతలు. వసంతంలో ఇదే సరస్సు మీద నీళ్ళు చల్లగా, గాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు గాలి పొరలు పొరలుగా నిలిచిపోయి, సూచనలో 15 అన్న రోజు నీళ్ళ మీద 8 కూడా తగలదు.

విసురు రాబోతోందని నీళ్ళే చెబుతాయి. గాలి వచ్చే వైపు చూడండి, నీళ్ళ మీద ముదురు రంగు మచ్చ ఒకటి సన్నటి ముడతలతో మీ వైపు జరుగుతూ వస్తుంది. అది పడవను తాకడానికి రెండు క్షణాల ముందే మెయిన్ షీట్, అంటే పెద్ద తెరచాపను అదుపు చేసే తాడు, కాస్త వదిలితే పడవ ఒరగకుండా ముందుకి దూకుతుంది. హుస్సేన్ సాగర్‌లో మీకిది కొత్త కాదు, అక్కడి చలిలో తేడా ఏంటంటే మందపాటి చేతొడుగుల్లోంచి తాడు పట్టు తెలియదు, వదలడం ఆలస్యమవుతుంది. తాడును చేతికి చుట్టుకునే అలవాటుంటే ఈ గాలుల్లో మానుకోవాలి.

ప్రశ్న: తెరచాప ఎప్పుడు తగ్గించాలి? మా గురువుగారు ముందే తగ్గించమంటారు, నాకేమో రేవులోనే తగ్గించుకుని వెళ్తే పిరికితనంలా అనిపిస్తుంది.
(ఇవాన్‌స్టన్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: మీ గురువుగారి మాట వినండమ్మా. రీఫ్ చేయడం, అంటే మెయిన్ సెయిల్ కింది భాగాన్ని దించి కట్టేసి చిన్నది చేయడం, రేవులో ఐదు నిమిషాల పని. అదే పని అలల మీద, వేళ్ళు కొయ్యబారిపోయి, పడవ ఎగిరెగిరి పడుతుంటే పావుగంట పడుతుంది. పైగా ఆ పావుగంటా మీలో ఒకరు మాస్ట్ (తెరచాపను నిలిపే నిలువు కొయ్య) దగ్గర నిలబడాలి, చల్లటి నీళ్ళ రోజున అంతకు మించి ప్రమాదమైన చోటు పడవలో లేదు. తర్వాత గాలి తగ్గిందనుకోండి, మడత విప్పడం ఎంతసేపు?

మీ పడవ 22 నుంచి 27 అడుగుల మధ్య ఉంటే, 15 నాట్లు దాటే సూచన ఉన్న రోజు రీఫ్ వేసుకునే బయల్దేరండి. బయట ఉండగా గాలి పెరిగితే టిల్లర్ (చుక్కాని పిడి) మీద చేయి పెట్టి చూడండి. పడవ గాలి వైపు తిరిగిపోవాలని గట్టిగా గుంజుతోందంటే, దాన్ని సరిచేయడానికి చుక్కానిని అడ్డంగా పట్టుకోవాల్సి వస్తోందంటే, చుక్కాని అప్పుడు బ్రేకులా పనిచేస్తోందన్నమాట. పడవ 25 డిగ్రీలకు మించి ఒరిగినా అంతే. ఆ స్థితిలో తెరచాప తగ్గిస్తే వేగం పోదు, చాలాసార్లు పెరుగుతుంది కూడా.

చేసే వరస చెప్తాను, చాలామంది తడబడేది ఇక్కడే. టిల్లర్ దగ్గరున్నవాళ్ళు పడవను ఎదురుగాలికి కాస్త పక్కగా, జిబ్ (ముందున్న చిన్న తెరచాప) గాలితో నిండి ఉండేలా పట్టుకుంటారు. మెయిన్ షీట్, బూమ్‌ను (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య) కిందికి పట్టి ఉంచే వ్యాంగ్ రెండూ వదిలేయాలి. బూమ్ కింద పడకుండా టాపింగ్ లిఫ్ట్ తాడు బిగించాలి. హాల్యార్డ్ దించి, తెరచాప ముందంచున ఉన్న రింగును బూమ్ దగ్గరి కొక్కేనికి తగిలించి, వెంటనే హాల్యార్డ్‌ను మళ్ళీ గట్టిగా బిగించాలి. ఆ తర్వాతే వెనక రీఫ్ తాడు లాగాలి. ఈ రెండూ తారుమారైతే గుడ్డ సాగి చిరుగుతుంది. మధ్యలో వేలాడే మడతను కట్టే చిన్న తాళ్ళు వదులుగానే ఉండాలి, బరువంతా ముందు రింగు, వెనక రింగు మోయాలి. హాల్యార్డ్ ఎంత దించాలో ఎండలో, తీరిగ్గా ఉన్నప్పుడే చూసుకుని తాడు మీద నల్ల మార్కర్‌తో గీత పెట్టుకోండి. చలిలో వెతుక్కోనక్కర్లేకుండా ఆ గీత దగ్గర ఆపేయొచ్చు.

ఇంకోటి, గాలి వెనక నుంచి ఉన్నప్పుడు 18 నాట్ల పైన జైబ్ చేయకండి, అంటే పడవ వెనక భాగాన్ని గాలికి అడ్డంగా దాటించి దిశ మార్చకండి. బూమ్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి విసురుగా వచ్చి తలకు తగిలితే మనిషి నేరుగా నీళ్ళలోకే. గాలి వైపు తిరిగి, టాక్ చేసి (పడవ ముందు భాగాన్ని గాలికి అడ్డంగా దాటించి), చుట్టూ తిరిగి రండి. అర నిమిషం ఎక్కువ పడుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: ఖరీదైన జాకెట్ కొన్నాను, అయినా రెండు గంటల్లో వేళ్ళు, పాదాలు మొద్దుబారిపోతున్నాయి. లోపల రెండు టీషర్టులు, జీన్స్ వేసుకుంటున్నాను. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?
(మాడిసన్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పొరపాటు ఆ టీషర్టుల్లోనూ జీన్స్‌లోనూ ఉంది. నూలు చెమటను పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, తడిసిన నూలు బట్ట వేడిని బయటికి లాగేస్తుంది. జీన్స్ అయితే ఒకసారి తడిసిందంటే ఆ రోజుకు ఆరదు. ఒంటికి ఆనుకుని సన్నటి ఉన్ని గానీ పాలిస్టర్ థర్మల్ గానీ, దాని మీద ఫ్లీస్, ఆ పైన మీ జాకెట్, ప్యాంటు. జాకెట్ పని గాలినీ నీళ్ళనీ ఆపడమే, వెచ్చదనం లోపలి పొరల నుంచి రావాలి.

పాదాలకు రెండు జతల సాక్సులు బిగించి తొడిగితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. ఒక మందపాటి ఉన్ని జత, వేళ్ళు కదిలేంత వదులైన బూట్లు చాలు. చేతొడుగులు రెండు మూడు జతలు తీసుకెళ్ళండి, ఒకటి తడవగానే మార్చేయాలి, పొడివి జిప్ కవర్లో పెట్టుకోండి. తలకు ఉన్ని టోపీ, మెడకు మఫ్లర్ కాకుండా గొట్టంలా ఉండే నెక్ గెయిటర్, ఎందుకంటే మఫ్లర్ కొస విన్చ్‌లో చుట్టుకుంటుంది.

5 డిగ్రీల చలిలో 20 నాట్ల గాలి తగిలితే ఒంటికి అది సున్నాలా ఉంటుంది. మూడు గంటలు కదలకుండా కూర్చున్నవాడు మొదట చల్లబడతాడు, అందుకే అరగంటకోసారి పనులు మార్చుకోండి. బయల్దేరే ముందు కడుపు నిండా తినండి. ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకెళ్ళండి, కాఫీ కంటే అదే మేలు, గొంతులో దిగుతుంటే చేతులు కూడా వెచ్చబడతాయి. మందు మాత్రం ఒడ్డుకొచ్చాక కూడా వెంటనే వద్దు. వెచ్చగా అనిపిస్తుంది గానీ, అది చర్మంలో రక్తనాళాలను తెరిచి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

పొద్దున ఎండ కాస్తోందని పలచటి బట్టలతో వెళ్ళేవాళ్ళకు ఒక పాత సంగతి చెప్పాలి. 1940 నవంబరు 11న అమెరికా మధ్య రాష్ట్రాల్లో పొద్దున ఆ నెలకు మించిన వెచ్చదనం ఉంది. బాతుల వేటకు మిసిసిపి నది లంకల్లోకి మామూలు బట్టల్లో వెళ్ళినవాళ్ళు చాలామంది. మధ్యాహ్నానికి గాలి తిరిగి, చలి పడిపోయి, మంచుతుఫాను విరుచుకుపడింది. ఎంతోమంది వేటగాళ్ళు అక్కడే గడ్డకట్టుకుని చనిపోయారు. అదే తుఫానులో మిషిగన్ సరస్సులో డేవొక్, మించ్, నోవాడాక్ అనే మూడు సరుకు ఓడలు పోయాయి. ఇప్పుడు సూచనలు ఎంతో మెరుగు, నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. అయినా నవంబరులో ఈ సరస్సుల స్వభావం అదే, మధ్యాహ్నం గాలి మారే సూచన ఉంటే పొద్దుటి ఎండను లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి మిల్వాకీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారం వస్తే తెరచాప పడవలో వెళ్తాడు, నవంబరు వచ్చినా మానలేదు. మాది కాకినాడ. ఇక్కడ రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేస్తే వేటకు కూడా వెళ్ళరు. వాడు ఇంటికొచ్చానని మెసేజ్ పెట్టేదాకా నాకు నిద్ర పట్టదు. వద్దంటే వినడు, ఏం చెయ్యాలి?
(కాకినాడ నుంచి ఒక తల్లి)

జవాబు: మీ భయం అనవసరమని నేననను తల్లీ. సముద్రం పక్కన పుట్టి పెరిగినవారు, నీళ్ళ సంగతి మీకు ఎవరో చెప్పాల్సిన పనిలేదు. 1975 నవంబరు 10న సుపీరియర్ సరస్సులో ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే 222 మీటర్ల ఓడ 29 మందితో సహా మునిగిపోయింది. పేరుకి సరస్సులే గానీ నవంబరులో ఇవి సముద్రాలే.

అయితే మీ దగ్గర రేవులో ఎగరేసే హెచ్చరికల్లాంటివే అక్కడా ఉన్నాయి. ఒకప్పుడు ఎర్రజెండాలు ఎగరేసేవారు, ఇప్పుడు రేడియోలో, ఫోనులో ఇస్తారు. చిన్న పడవలకు ఒకటి, 34 నాట్లు దాటే గాలికి ఒకటి, 48 దాటే తుఫానుకు ఇంకొకటి. మీ అబ్బాయిని వెళ్ళొద్దు అనకండి, వెళ్ళే ముందు రోజు రాత్రి ఈ మూడు అడగండి: రేపు చిన్న పడవల హెచ్చరిక ఉందా, నీతో ఎవరొస్తున్నారు, రేవు నుంచే లైఫ్ జాకెట్ వేసుకుంటావా. ఒంటరిగా వెళ్తున్నానంటే మాత్రం గట్టిగా వద్దనండి. ఈ నెలలో ఒంటరిగా వెళ్ళడాన్ని నేను కూడా ఒప్పుకోను.

మెసేజ్ కోసం మీరు మేలుకుని ఉండే పద్ధతి మార్చాలి. అక్కడ మధ్యాహ్నం మూడైతే మీకు రాత్రి రెండున్నర. ఏదైనా జరిగినా అంత దూరం నుంచి మీరు ఎవర్ని పిలవగలరు? ఒడ్డున ఉండే ఒక స్నేహితుడికి, ఎక్కడికెళ్తున్నాం, ఎందరం, ఎన్నింటికి తిరిగొస్తాం, పడవ రంగేంటి అనేది రాసి ఇచ్చి వెళ్ళమనండి. చెప్పిన టైముకు గంట దాటినా రాకపోతే కోస్ట్ గార్డ్‌కు ఫోన్ చేయాల్సింది ఆ స్నేహితుడు. మీకు ఆ స్నేహితుడి నంబరు ఉంటే చాలు. అబ్బాయి దగ్గర ఫోనుతో పాటు పడవల్లో వాడే వీహెచ్ఎఫ్ రేడియో ఉండాలి, ఆపదలో పిలవాల్సింది 16వ చానెల్‌లో. తడిసి మొద్దుబారిన వేళ్ళకు ఫోన్ తెర పలకదు, చలికి బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. ఈ మాట నేనన్నానని చెప్పండి, అమ్మ భయంతో అంటోందని కొట్టిపారేయడానికి వీలుండదు.

ప్రశ్న: పడవ లోపలి గదిలో చిన్న గ్యాస్ హీటర్ పెట్టుకుని తలుపు మూసుకుంటే వెచ్చగా ఉంటుంది కదా?
(షామ్‌బర్గ్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు. మూసిన గదిలో గ్యాస్ హీటర్, బొగ్గుల కుంపటి, వంట పొయ్యి ఏదైనా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్ర వచ్చినట్టే ప్రాణం పోతుంది. పొగ బయటికి పోయే గొట్టంతో బిగించిన హీటర్ అయితే సరే, అప్పుడు కూడా డిటెక్టర్ ఉండాల్సిందే. తలనొప్పి, వికారం అనిపిస్తే చలి వల్లే అనుకోకుండా అందర్నీ వెంటనే బయటికి తీసుకురండి.

ప్రశ్న: నీళ్ళలో పడిన మనిషిని పైకి తీశాక ఏం చేయాలి? చేతులు కాళ్ళు రుద్దమంటారు, నడిపించమంటారు, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
(గ్యారీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రుద్దకండి, నడిపించకండి. ఎక్కువసేపు చల్లటి నీళ్ళలో ఉన్న మనిషిని వీలైతే అడ్డంగా పడుకోబెట్టినట్టే పైకి తీయాలి, నిటారుగా లాగితే రక్తపోటు ఒక్కసారి పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. పైకి వచ్చాక పడుకోబెట్టే ఉంచండి. తడిబట్టలు కత్తిరించైనా తీసేసి, పొడి దుప్పట్లు, స్లీపింగ్ బ్యాగు చుట్టి, గాలి తగలకుండా చేయండి. వేడి నీళ్ళ సీసాలు ఉంటే గుడ్డ చుట్టి ఛాతీకి, చంకలకు ఆనించండి, చేతులకూ కాళ్ళకూ వద్దు, అక్కడి చల్లటి రక్తం గుండెకు చేరుతుంది. పూర్తి తెలివితో ఉండి, మాట తడబడకుండా, వణుకుతూ ఉంటే తియ్యటి వేడి టీ ఇవ్వొచ్చు. మాట ముద్దగా వస్తున్నా, జిప్ పెట్టుకోవడం చేతకాకపోయినా, వణుకు ఆగిపోయినా ఇది మామూలు చలి కాదు, రేడియోలో సాయం పిలవండి. వణుకు ఆగిందంటే మెరుగైందని చాలామంది పొరబడతారు, చాలాసార్లు దానర్థం శరీరం ఓడిపోతోందని.

ప్రశ్న: అక్టోబరు 31 తర్వాత పడవను నది మీదుగా, చలికాలం దాచే యార్డుకు తీసుకెళ్ళాలి. మొదటిసారి. వంతెనల సంగతి చెబుతారా?
(షికాగో నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మాస్ట్ దించేసి తీసుకెళ్తే మీకు వంతెనలతో పనిలేదు. మాస్ట్‌తో వెళ్తే, షికాగో నది మీది వంతెనలు శరదృతువులో సాధారణంగా బుధ, శనివారాల్లో పడవల కోసం ఎత్తుతారు. అన్ని పడవలూ గుంపుగా కదలాలి, ఒక్కో వంతెన దగ్గర ఆగుతూ, ఇంజన్ మీద గంటలు పడుతుంది. యార్డువాళ్ళు తారీఖు చెబుతారు. ఆ రోజు తీసుకెళ్ళాల్సింది వెచ్చటి బట్టలు, నిండుగా ఇంధనం, పక్క పడవలకు తగలకుండా రెండు వైపులా ఫెండర్లు. సరస్సు నుంచి నదిలోకి లాక్ గేటు దాటాలి, నీళ్ళ మట్టంలో కొన్ని అడుగుల తేడా ఉంటుంది. గోడ పక్కన తాడు పట్టుకుని నిలబడండి గానీ కట్టేయకండి. సరస్సు మీద ఆ ఉదయం గాలి గట్టిగా ఉందంటే హార్బర్ నుంచి లాక్ దాకా ఉన్న ఆ చిన్న దూరమే కష్టం. అలాంటప్పుడు బుధవారం వదిలేసి శనివారం వెళ్ళండి, యార్డువాళ్ళకు ఫోన్ చేసి చెబితే అర్థం చేసుకుంటారు.

యార్డుకు చేరగానే ఇంజన్ వేడిగా ఉండగానే ఆయిల్ మార్చి, చల్లబరిచే నీటి గొట్టాల్లోకి గులాబీరంగు యాంటీఫ్రీజ్ పంపించండి. తాగునీటి ట్యాంకు, టాయిలెట్ పైపులు కూడా మర్చిపోకండి. గడ్డకట్టిన నీళ్ళు ఇంజన్ బ్లాకును పగలగొడతాయి, అది ఏప్రిల్‌లో గానీ బయటపడదు. తెరచాపలు ఇంటికి తెచ్చుకుని, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే మడవండి.